అవతలి ఒడ్డున గ్యాసు తుపాకులు

మా ఆయన క్లైడ్ పెంగెల్లీ మాటల్లో మహా పిసినారి. పెళ్ళయిన కొత్తలో ఆయన నోటి వెంట నాలుగు మాటలు వరసగా వస్తే ఆ రోజు నాకు పండగే. అలాంటివాడు పోలీసు కనబడితే మాత్రం గుక్క తిప్పుకునేవాడు కాదు. బండి ఆపించడమే ఆలస్యం, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, అడక్కముందే మొదలుపెట్టేవాడు.

"సార్, ముందే చెప్పేస్తున్నా. పంతొమ్మిదేళ్ళప్పుడు నా మీద ఒక కేసయింది. శిక్ష పడింది. అందుకని నేను తుపాకీ ముట్టుకోకూడదు. వెనక సీట్లో ఉన్నవి గ్యాసుతో పేలేవి. పెన్సిల్వేనియాలో చట్టం వీటిని తుపాకుల కింద లెక్కెయ్యదు. కావాలంటే దిగి చూస్కోండి."

మా ఊరు పెన్ ఆర్గిల్ చుట్టుపక్కల పోలీసులందరికీ ఈ దండకం కంఠతా వచ్చు. "పోవయ్యా క్లైడ్, మా ఆవిడ పుట్టినరోజు మర్చిపోయినా నీ కేసు మర్చిపోను" అని నవ్వేసి పంపించేవారు. ఒకాయనైతే రోడ్డు పక్కనే ఒకటి బయటికి తీయించి, భుజానికి ఆనించుకుని చూసి, మా తాత దగ్గర ఇలాంటిదే ఉండేది అని మురిసిపోయాడు. చెప్పుకుంటే మంచే జరుగుతుందని మా ఆయనకి అలా గట్టిగా నాటుకుపోయింది. నాకూ అంతే.

ఇంతకీ ఆ కేసు ఏమిటంటే, చలికాలంలో ఇద్దరు స్నేహితులతో కలిసి కొండ మీద వేటగాళ్ళ క్లబ్బు గది తాళం పగలగొట్టాడు. బీరు కోసం వెళ్ళారు. బీరు తాగి, అక్కడున్న పందిమాంసం తిని వచ్చేస్తే పోయేది. వాళ్ళలో ఒక తెలివైనవాడు గోడకున్న తుపాకీ కూడా చంకన పెట్టుకొచ్చాడు. ముగ్గురికీ ఒకటే నేరం రాశారు. క్లైడ్ కొన్ని నెలలు లోపలున్నాడు, బయటికొచ్చాడు, పలక గనిలో పనికి కుదిరాడు, ఆ తర్వాత స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్కుగా రిటైరయ్యాడు. మళ్ళీ ఒకరి వస్తువు ముట్టుకున్నది లేదు. కానీ తుపాకీ మీద నిషేధం మాత్రం బతికున్నంత కాలమూ ఉంటుందని చెప్పారు.

మా ఊళ్ళో ఆ నిషేధం అంటే ఏమిటో మా ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మగ జింకల వేట మొదలయ్యే రోజున బడికి సెలవు, గనికి సెలవు. చీకటితోనే మగవాళ్ళందరూ నారింజ రంగు కోట్లు తొడుక్కుని కొండెక్కుతారు. పదేళ్ళ పిల్లలు, ఎనభై ఏళ్ళ ముసలాళ్ళు, అందరూ. ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళమూ, క్లైడూ. మాతో పాటు పిండి కలిపి, మాంసమూ బంగాళాదుంపలూ కూరి పాస్టీలు చేసేవాడు. మా తమ్ముడు బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, "బావా, ఈసారి నీకు పూల ఎప్రాన్ కొంటాంలే" అనేవాడు. క్లైడ్ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది, వాడి మీదా, ఈయన మీదా.

మా అబ్బాయి వేడ్‌కి తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఆ తమ్ముడే. వేడ్ మొదటి జింకని కొట్టి, రక్తం మరకల చేతులతో పరిగెత్తుకొచ్చి, "మామయ్య పక్కనే కూర్చున్నాడమ్మా, ఊపిరి కూడా తీసుకోవద్దన్నాడు" అని చెబుతుంటే, క్లైడ్ సింకు దగ్గర ఇటు తిరక్కుండా గిన్నెలు కడుగుతూనే ఉన్నాడు. అప్పటికే కడిగేసిన గిన్నెలు అవి.

ఆ తర్వాతే ఈ గ్యాసు తుపాకుల పిచ్చి పట్టుకుంది. అరవైల్లో ఏదో కంపెనీ వీటిని చేసింది. చూడ్డానికి అచ్చం వేటగాళ్ళు సీసం రవ్వలు నింపి పేల్చే తుపాకీయే, కర్ర పిడి, పొడుగాటి గొట్టం. లోపల మాత్రం మందు ఉండదు. సోడాకి వాడే గ్యాసు బుడ్లు రెండు పడతాయి. ఆ గ్యాసే రవ్వల్ని తోస్తుంది. పెరట్లో మట్టి బిళ్ళలు గాల్లోకి ఎగరేసి కొట్టుకోవడానికి చేశారు. ఎవరూ కొనలేదు, నాలుగేళ్ళకి ఆపేశారు. పిట్టని కొడితే పిట్ట తిట్టి పోతుందని మా తమ్ముడి వెక్కిరింత. లోపలి రబ్బరు చుట్టలు ఎండిపోయి గ్యాసు నిలవదు. క్లైడ్ వాటిని విప్పి, కొత్త చుట్టలు కోసి, రాత్రంతా నీళ్ళ తొట్లో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూసేవాడు. బుడగ రాకపోతే ఆ పొద్దున కాఫీలో ఒక చెంచా చక్కెర ఎక్కువేసుకునేవాడు.

మొదటిది కొనేముందు మూడు ఆఫీసులకి ఫోన్ చేశాడు. నాకిది ఉండొచ్చా అని వేటశాఖని అడిగాడు, రాష్ట్ర పోలీసుల్ని అడిగాడు, కేంద్రం వాళ్ళని అడిగాడు. మందు పేలి గుండు వస్తేనే తుపాకీ అనీ, గ్యాసు తోస్తే కాదనీ అందరూ ఒకటే చెప్పారు. అయినా నమ్మకం కుదరక లైబ్రరీకి పోయి చట్టం పుస్తకాలు తిరగేశాడు. మా పాస్టరు బైబిలు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు. నేలగది గోడ నిండా తుపాకులు వచ్చాక కూడా ఏటేటా మళ్ళీ ఫోన్ చేసి, మారిందా అని కనుక్కునేవాడు.

"దొంగ కూడా ఇంత భయపడడు" అన్నాను ఒకసారి.

"దొంగకేం భయం, వెర్నా? వాడికి పోయేదేం లేదు" అన్నాడు.

ఆయనకి పోయేది ఒకటి ఉంది. రాష్ట్ర గవర్నరు క్షమాభిక్ష ఇస్తే పాత శిక్ష చెరిగిపోతుంది, నిషేధం కూడా పోతుంది. హారిస్‌బర్గ్‌లో బోర్డు ముందు నిలబడి అడగాలి. ఆ పిలుపు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. అరవై తొమ్మిదో ఏట, సెప్టెంబరులో, పిలుపు వచ్చింది. ఏప్రిల్‌లో విచారణ. ఆయన తరపున మాట్లాడతామని పాస్టరూ, బస్సు షెడ్డు మేనేజరూ, ఆఖరికి ఆ వేటగాళ్ళ క్లబ్బు పెద్దమనిషీ కూడా ఒప్పుకున్నారు. ఆ రాత్రి క్లైడ్ నాతో అన్నాడు, "వచ్చే ఏడు వేడ్ పక్కన కూర్చుంటా" అని.  వేట రోజు సంగతని నాకు అర్థమైంది.

అక్టోబరులో ఆల్టా స్నైడర్ ఫోన్ చేసింది. నదికి అవతల, బెల్విడీర్‌లో ఉంటుంది. ఆవిడ మొగుడు హార్లన్ మా ఆయనకున్న ఒకే ఒక్క గ్యాసు తుపాకుల స్నేహితుడు, ఆ వేసవిలోనే పోయాడు. నెలకోసారి తన తుపాకులు బండిలో వేసుకుని వంతెన దాటి మా పెరట్లోకి వచ్చేవాడు, ఇద్దరూ సాయంత్రం దాకా మట్టి బిళ్ళలు పగలగొట్టుకునేవారు. మా ఆయన ఎప్పుడూ ఒక్కటి కూడా అవతలికి తీసుకెళ్ళలేదు, అవసరం రాలేదు.

"ఇల్లు అమ్మేస్తున్నాను, క్లైడ్. హార్లన్ మూడు తుపాకులు నీకే ఇమ్మన్నాడు. పాత సామాన్లవాడు తూకానికి అడుగుతున్నాడు. వచ్చి పట్టుకుపో" అంది ఆల్టా.

నదికి అవతలంతా న్యూజెర్సీ. కానీ మాకు అది ఇంకో రాష్ట్రం అనిపించదు. వారం వారం పెట్రోలు కోసం వెళ్తాం, అక్కడ చవక, పైగా బంకువాడే పోస్తాడు, చలిలో దిగక్కర్లేదు. పళ్ళ డాక్టరు అక్కడే. మా పెళ్ళి విందు అక్కడే. అన్ని పుస్తకాలు తిరగేసిన మనిషికి, ఏటేటా మూడు ఆఫీసులని వేధించిన మనిషికి, ఆ ఇనప వంతెన దాటితే చట్టం మారుతుందేమో అని ఒక్కసారీ తట్టలేదు. ఎక్కడో టెక్సాస్ వెళ్తుంటే తప్పకుండా కనుక్కునేవాడు. పెట్రోలు పోయించుకునే ఊరి గురించి ఎవరు కనుక్కుంటారు?

ఆల్టా కాఫీ ఇచ్చింది, కాసేపు ఏడ్చింది. మూడు తుపాకులనీ బొంతలో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టాం. వంతెన కనబడుతోంది, దాని వెనక మా ఒడ్డు చెట్లు ఎర్రగా కనబడుతున్నాయి. అప్పుడు వెనక పోలీసు దీపం వెలిగింది. మా బ్రేకు లైటు ఒకటి పోయిందట.

పోలీసు కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు. లైటు మార్పించుకోమని చెప్పి పంపించేసేవాడే. క్లైడ్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు.

"సార్, ముందే చెప్పేస్తున్నా..."

మొత్తం చెప్పాడు. కేసు, శిక్ష, నిషేధం, వెనక సీటు. ఆ కుర్రాడి ముఖంలో రంగు మారింది.

"ఇంకోసారి చెప్పండి సార్" అన్నాడు.

సరిగ్గా వినబడలేదేమో అనుకుని మా ఆయన ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా, విడమరిచి చెప్పాడు.

"సార్, మీరు కిందికి దిగాలి" అన్నాడు కుర్రాడు. బేడీలు వేశాడు. "ఇక్కడ గ్యాసుదైనా, గాలిదైనా తుపాకీయే సార్. అనుమతి కార్డు లేకుండా ఎవరి దగ్గరా ఉండకూడదు. శిక్ష పడ్డ మనిషి దగ్గరైతే అసలు ఉండకూడదు. మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ చివరి మాట మెల్లగా అన్నాడు. వాడిని తిడదామనుకున్న దాన్ని, ఆ మాట విని మానేశాను.

హార్లన్‌కి ఆ కార్డు ఉండేదట, జేబులో డ్రైవింగ్ లైసెన్సు పక్కనే. ఆయనకది మామూలు విషయం, మాతో చెప్పాలని తోచి ఉండదు.

విచారణ దాకా ఆయన్ని ఇంటికి పంపారు. కోర్టు మాకు ఇచ్చిన వకీలు పేరు మిస్ డెల్‌ఫినో. నాకు కూతురుంటే ఆ వయసుంటుంది, మాట సూటి. మొదటి రోజే వేళ్ళు మడిచి చెప్పింది.

"పాత శిక్ష ఉన్నవాళ్ళ దగ్గర ఆయుధం దొరికితే ఈ రాష్ట్రంలో అయిదేళ్ళు. ఒక్క రోజు కూడా తగ్గదు. జడ్జికి జాలేసినా తగ్గించలేడు."

"అవి పిట్టని కూడా చంపవమ్మా" అన్నాను.

"తెలుసు. ల్యాబు వాళ్ళూ అదే రాశారు. కానీ చట్టం పిట్ట సంగతి అడగదు."

"నాకు తెలీదు మేడమ్, జ్యూరీకి అదే చెప్తాను" అన్నాడు క్లైడ్. "ఉన్నది ఉన్నట్టు చెప్తే వాళ్ళకి అర్థమవుతుంది."

"చట్టం తెలీదన్నది లెక్కలోకి రాదు, మిస్టర్ పెంగెల్లీ. అవి మీ బండిలో ఉన్నాయా, ఉన్నట్టు మీకు తెలుసా? ఈ రెండే అడుగుతారు. రెంటికీ మీరే రోడ్డు మీద జవాబు చెప్పేశారు, రెండుసార్లు."

నది మధ్యలో ఈదే చేపకి ఇటు తిరిగితే ఒక న్యాయం, అటు తిరిగితే ఇంకో న్యాయమా అని అరిచాను. మిస్ డెల్‌ఫినో నాకు మంచినీళ్ళిచ్చింది, అంతకన్నా ఏం చేయగలదు పాపం. ఆవిడే తిరిగి తిరిగి, ప్రభుత్వ వకీలుతో మాట్లాడి ఒక దారి పట్టుకొచ్చింది. కార్డు లేకుండా ఉంచుకున్నాడన్న చిన్న నేరం ఒప్పుకుంటే, జైలు ఉండదు, ఇంట్లోనే ఉండి అయిదేళ్ళు కోర్టు పెట్టిన అధికారి చెప్పినట్టు నడుచుకుంటే చాలు. అయితే అది చిన్న నేరమైనా నేరమే. కొత్త నేరం నెత్తిన పెట్టుకుని ఏప్రిల్‌లో హారిస్‌బర్గ్ వెళ్తే బోర్డువాళ్ళు ఏమంటారో అక్కడి వకీలుని అడిగాం. వెళ్ళి పరువు పోగొట్టుకోవద్దన్నాడు.

ఆ చలికాలమంతా మా ఇంట్లో గొడవే. క్లైడ్ కేసు నడుపుదామంటాడు. నేను వద్దంటాను. వేడ్ మధ్యలో నలిగిపోతాడు. వేట రోజు వచ్చింది, పోయింది. ఆ రోజు ఆయన వంటింట్లోకి కూడా రాలేదు, నేలగదిలో ఖాళీ నీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాడు. ఫిబ్రవరికి, నా ముఖం చూసి, సరే అన్నాడు.

కోర్టుకి వేడ్ కూడా వచ్చాడు, పనిలోంచి తిన్నగా, బూట్లకి బురదతో. జడ్జి పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని మెల్లగా మాట్లాడాడు. ఎవరైనా బెదిరించారా? లేదు సార్. మత్తులో ఉన్నారా? లేదు సార్. అన్నింటికీ క్లైడ్ తిన్నగా చెప్పుకొచ్చాడు. ఆఖరున జడ్జి అడిగాడు.

"మీరు నిజంగా నేరం చేశారు కాబట్టే ఒప్పుకుంటున్నారా?"

క్లైడ్ నోరు తెరిచాడు.  నావైపు తిరిగి చూశాడు.

"మా ఆవిడ కోసం ఒప్పుకుంటున్నా సార్" అన్నాడు.

మిస్ డెల్‌ఫినో కళ్ళు మూసుకుంది. జడ్జి కళ్ళజోడు కిందికి దించాడు. "అది నేను రాసుకోలేను, మిస్టర్ పెంగెల్లీ. చేశారా, చెయ్యలేదా? చెయ్యలేదంటే కేసు జ్యూరీ ముందుకి పోతుంది. పది నిమిషాలు బయటికెళ్ళి మీ వకీలుతో మాట్లాడుకోండి."

బయట బెంచీ మీద కూర్చున్నాం. నేను ఏడుస్తున్నాను, కోపంతోనే ఏడుస్తున్నాను.

"అవునని ఒక్క మాట! ఒక్క మాట అనలేవా ముసలోడా? జైల్లో అద్దానికవతల నిన్ను చూడ్డానికా నిన్ను కట్టుకున్నది?"

"చెయ్యలేదు కదే."

"చెయ్యకపోతే ఏం? నువ్వు మంచివాడివని నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ఆ జడ్జికీ తెలుసు. ఇంకెవరికి తెలియాలి?"

"ఏప్రిల్‌లో వాళ్ళకి తెలియాలి." ఆయన నావైపు తిరిగాడు. "ఇప్పుడు అవునంటే ఇక అది లేదు, వెర్నా. ఈ వయసులో మళ్ళీ ఎన్నేళ్ళు ఆగను?"

వేడ్ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నలభై దాటినవాడు, చిన్నపిల్లాడిలా తండ్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాన్నా, వేట ఎటు పోతే ఏంటి? నువ్వు ఇంటికి రా. ఒక జింక కోసమా ఇదంతా?"

"జింక ఎవడిక్కావాల్రా? నీ పక్కన ఒక్క పొద్దున కూర్చోవాలనుకున్నా. నువ్వు ఊపిరి బిగబట్టుకుంటావు చూడు, అప్పుడు. మీ మామయ్య చూశాడు. నేను చూళ్ళేదు."

 తండ్రి మోకాలి మీద వేడ్ తల పెట్టాడు. కారిడార్‌లో పోతున్నవాళ్ళు పక్కకి తిరిగి పోయారు. క్లైడ్ వాడి జుట్టు నిమిరాడు, వాడు బళ్ళో చేరినప్పటి తర్వాత అలా నిమరడం నేను చూడలేదు. ఆ తర్వాత లేచి, కోటు సర్దుకుని, లోపలికి నడిచాడు.

జడ్జి మళ్ళీ అదే అడిగాడు.

"అవును సార్. చేశాను" అన్నాడు క్లైడ్. పోలీసులకి పాతకేసు చెప్పుకునేటప్పుడు కూడా తలెత్తి చెప్పేవాడు. ఇప్పుడు నేల చూస్తూ చెప్పాడు.

జడ్జి నిబంధనలు చదివాడు. హార్లన్ తుపాకులు మూడూ కరిగించేస్తారు. ఇంట్లో ఉన్నవన్నీ వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. అయిదేళ్ళపాటు ఏ రకమైన ఆయుధమూ ముట్టుకోకూడదు, ఆయుధమున్న ఇంట్లో గానీ, బండిలో గానీ, చోట గానీ ఉండకూడదు.

బయటికొచ్చాక వేడ్ మిస్ డెల్‌ఫినోని పక్కకి పిలిచాడు. క్లైడ్‌కి వినపడకూడదనే పిలిచాడు గానీ, ఆ మెట్ల మీద ఏ మాటైనా వినబడుతుంది.

"మేడమ్, వేట రోజున ఊరికే నా పక్కన కూర్చుంటే? ఖాళీ చేతులతో. తుపాకీ నాదే, ఆయన ముట్టుకోడు."

"కుదరదు వేడ్. తుపాకీ ఉన్న చోటే ఉండకూడదన్నారు కదా. ఇదివరకైతే పర్వాలేదు. అప్పటి నిషేధం చేత్తో పట్టుకోవడం మీదే. ఊరికే పక్కన కూర్చోవడం మీద ఏమీ లేదు, నాకు తెలిసినంత వరకు."

క్లైడ్ ఒక మెట్టు మీద ఆగిపోయాడు.

"ఇదివరకు కూర్చోవచ్చా?" అన్నాడు.

ఆ అమ్మాయికి ఆయన వెనకే ఉన్నాడని అప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పాలని ఆమె ముఖంలో కనబడింది, చెప్పలేకపోయింది. "కూర్చోవచ్చు, మిస్టర్ పెంగెల్లీ" అంది.

"వేడ్ చిన్నప్పుడు కూడానా?"

"అవును."

అన్ని పుస్తకాలు చదివాడు, అన్ని ఆఫీసుల్నీ అడిగాడు. ఇది నాకు ఉండొచ్చా, ఇది నేను పట్టుకోవచ్చా అని అడిగాడు. ఖాళీ చేతులతో నా కొడుకు పక్కన కూర్చోవచ్చా అని ఎవరినీ అడగలేదు. అడగాల్సిన సంగతని ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు, మా ఊళ్ళో ఏ ఒక్కడికీ తట్టలేదు. తుపాకీ లేనివాడు కొండెక్కడం మేమెవరం చూడలేదు.

నాకు గుండె పగిలిపోయింది. ఆయన మాత్రం ఏడవలేదు. "అయిదేళ్ళంటే నాకు డెబ్భై నాలుగు, వేడ్‌కి యాభై కూడా నిండవు" అన్నాడు, ఎవరితోనూ కాదు. వేడ్ బండి తేవడానికి పరిగెత్తాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. మెట్లు జాగ్రత్తగా దిగాం, మంచు పడి జారుతున్నాయి.